నా హెచ్-ఇండెక్స్, చిన్నాయన బత్తాయి తోట

హెచ్-ఇండెక్స్ అడిగే ప్రమోషన్ ఫారం నింపాల్సిన వారమే ఊళ్లో చిన్నాయన మనవరాలి పుట్టెంట్రుకలు పడ్డాయి. నల్గొండ నుంచి గంట ప్రయాణం, చుట్టూ బత్తాయి తోటలు. అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటే చిన్నాయన వచ్చి "ఏం లెక్క బిడ్డా గది?" అన్నాడు.

చెప్పాను. నేను రాసిన పరిశోధన పేపర్‌ను ఇంకొకరు తమ పేపర్లో పేర్కొంటే అది ఒక సైటేషన్, 14 పేపర్లకు ఒక్కోదానికి కనీసం 14 వస్తే హెచ్-ఇండెక్స్ 14, నాది అదే. ఒకదానికి 412 వచ్చాయి కానీ ఈ లెక్కలో అదీ ఒకటే.

"అంటే ఒక చెట్టుకు వెయ్యి కాయలు కాసినా, పద్నాలుగు కాసినా ఒక్కటేనా? ఎవడు పెట్టిండు గీ లెక్క?"

2005లో హిర్ష్ అని అమెరికాలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ అన్నాను. "ఫిజిక్స్ ఆయన మీ మొక్కల సైన్సోళ్లకెందుకు పెట్టిండు?" నా దగ్గర జవాబు లేదు.

అసలు ఆ 412 పేపర్ గురించి చెప్పాలంటేనే నాకు సిగ్గు. ముదురు ఆకుల్లోంచి డీఎన్ఏ తీసేటప్పుడు జిగురు రాకుండా ఉప్పు ఎంత పెంచాలో రాసిన రెండు పేజీలు, అంతే. ఎండను తట్టుకునే ఒక జీన్ మీద ఆరేళ్లు పడి రాసినదానికి 19 వచ్చాయి, అందులో 5 నేను ఇచ్చుకున్నవే (అందరూ చేస్తారు, ఎవరూ ఒప్పుకోరు). చేసే పద్ధతి చెప్పిన పేపరే రోజూ చేతికి పనికొస్తుంది కదా, అందుకే దాన్ని పేర్కొంటారు. లౌరీ అనే శాస్త్రవేత్త 1951లో ప్రొటీన్ కొలిచే పద్ధతి రాస్తే 2014 నాటికి దానికి 3 లక్షల సైటేషన్లు దాటాయి, డీఎన్ఏ ఆకారం చెప్పిన వాట్సన్, క్రిక్‌ల 1953 పేపర్ అప్పటికి ఎక్కువ సైటేషన్లు వచ్చిన మొదటి వంద పేపర్లలో కూడా లేదు. మన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలవడానికి రాసిన పద్ధతిని మేమూ ల్యాబ్‌లో చేసినవాళ్లమే.

"మన జిల్లా పేరుతోనూ ఒక పద్ధతి ఉంది చిన్నాయనా, నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలుపుతారు, నాగపూర్‌లో నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేశారు, నల్గొండ టెక్నిక్ అంటారు, టాంజానియా పేపర్లలో కూడా ఆ పేరు ఉంటుంది" అన్నాను.

"టాంజానియాల గూడనా?" అని నవ్వాడు. వంగిపోయిన మోకాళ్లు నిమురుకుంటూ, "మా బాయిల మాత్రం ఎవ్వడూ కలపలే బిడ్డా."

భోజనాలకు పిలిచారు. ఫారం రాత్రి నింపాను, ఆ గడిలో 14 అని.