నల్గొండ చర్చి, పాలమూరు పెళ్లి, ఒకే బ్రిడ్జ్ పికప్

ఏప్రిల్ చివరి శనివారం తెల్లారి ఐదింటికి ఎల్బీనగర్ దాటాం. చౌటుప్పల్, చిట్యాల దాటి నార్కట్‌పల్లి దగ్గర కుడికి తిరిగితే నల్గొండ. వెళ్లిన పని ఒక్కటే, అక్కడి ఒక తమ్ముడి ఎలక్ట్రిక్ గిటారుకు బ్రిడ్జ్ పికప్ మార్చడం. పికప్ అంటే తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, దాని చుట్టూ రాగి కాయిల్; తీగలు ఆనే బ్రిడ్జ్ పక్కన ఉండేది బ్రిడ్జ్ పికప్. ఆదివారం పొద్దున చర్చి క్వయర్‌లో, అదే రాత్రి పాలమూరులో పెళ్లి ఆర్కెస్ట్రాలో ఆ గిటారే మోగాలి.

పికప్‌లను డిక్కీలో పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. మన ఎండల్లో తలుపులు మూసి నిలిపిన కారు లోపల వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. కాయిల్ చుట్లు కదలకుండా నింపే మైనం కరిగేది కూడా ఇంచుమించు ఆ వేడికే. మైనం కారిపోతే చుట్లు వదులై, సౌండ్ పెంచగానే పికప్ కీచుమంటుంది. మళ్లీ మైనంలో ముంచితే తప్ప అది పోదు.

గిటారు స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహాది. నెక్ దగ్గరా మధ్యలో సింగిల్ కాయిల్స్ (ఒకే కాయిల్ ఉన్న పికప్‌లు), బ్రిడ్జ్ దగ్గర సిరామిక్ అయస్కాంతంతో బాగా ఎక్కువ ఔట్‌పుట్ ఉన్న హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్). "గట్టిగనైతె వస్తది గని, కార్డ్ కొడితె తీగ తీగ సాఫ్‌గ ఇనిపిస్తలేదన్నా" అన్నాడు తమ్ముడు. కారణం స్పష్టమే. ఇక్కడ యాంప్లిఫయర్ అరుదు, గిటారు మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌లోంచి నేరుగా మిక్సర్‌కు పోతుంది. పికప్ ఔట్‌పుట్ ఎక్కువైతే ప్రాసెసర్ మొదటి మెట్టులోనే సిగ్నల్ నలిగిపోతుంది. వాల్యూమ్ తగ్గించి బాగుచేద్దామంటే కేబుల్ కెపాసిటెన్స్ (కేబుల్‌కు ఉండే, పైస్వరాలను మింగే గుణం) వల్ల పైస్వరాల మెరుపు ముందు పోతుంది. తక్కువున్న గెయిన్‌ను (సిగ్నల్ బలాన్ని) ప్రాసెసర్‌లో ఎంతైనా కలుపుకోవచ్చు, మొదటి మెట్టులోనే నలిగిన దాన్ని విడదీయలేం. అందుకే అన్ని పనులకూ ఒకటే పికప్ కావాలంటే మధ్యస్థ ఔట్‌పుట్, ఆల్నికో 5 (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) అయస్కాంతం, రెండు కాయిల్స్‌నూ విడివిడిగా కలుపుకునేలా నాలుగు వైర్లు ఉన్నది తీసుకోమంటాం.

మూడు పికప్‌లు పట్టుకెళ్లాం: సీమోర్ డంకన్ 59, అదే కంపెనీ జేబీ, డిమార్జియో సూపర్ డిస్టార్షన్. చివరిది 1972 నుంచి ఉన్నది, సిరామిక్. రాక్ సోలోలే మీ పని అయితే జేబీ, సూపర్ డిస్టార్షన్ రెండూ అద్భుతమైనవి. భజన కీర్తనకూ పెళ్లి పాటకూ కలిపి ఒక్కటే అంటే మా ఓటు 59కే.

నిరోధం కొలిచే మీటరు పెట్టగానే ఒక తికమక వచ్చింది. కాగితం మీద 8.1 కిలోఓమ్‌లున్న పికప్ నల్గొండ గదిలో 8.5 దాటి చూపించింది. పాడవలేదు. రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది, 25 నుంచి 40 డిగ్రీలకు పోతే సుమారు 6 శాతం. అసలు ఈ అంకెను చూసి పికప్ ఎంత గట్టిదో తేల్చకూడదు. సన్నతీగ చుడితే అంకె పెరుగుతుంది, అయస్కాంతం సంగతి అందులో కనపడదు.

కొనేముందు తీగల ఎడం కొలవండి. బ్రిడ్జ్ దగ్గర మొదటి తీగ నుంచి ఆరో తీగ దాకా 52 మిల్లీమీటర్లు దాటితే వెడల్పు రకం కావాలి. డంకన్‌లో దాన్ని ట్రెంబకర్ అంటారు, దాని పోల్స్ (తీగల కింద ఉండే ఇనుప మొనలు) మొదటి నుంచి చివరి దాకా ఎడం 52.6, మామూలు దానికి దాదాపు 49.

సోల్డరింగ్‌కు ముందే ఫేజ్ (రెండు పికప్‌ల సిగ్నల్ ఒకే దిక్కుకు నడుస్తుందా అన్నది) చూడాలి. మీటరు తగిలించి పికప్ మీద ఇనుప స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున లాగితే అంకె పైకో కిందికో ఎగురుతుంది. మధ్య పికప్, బ్రిడ్జ్ పికప్ రెండూ ఒకే దిక్కుకు కదలాలి. లేకపోతే రెండూ కలిపినప్పుడు ముక్కుతో పాడినట్టు పలచగా వస్తుంది. మాకు ఎదురు దిక్కుకే కదిలింది. డంకన్ రంగుల్లో నలుపు హాట్ (సిగ్నల్ వైరు), ఆకుపచ్చ గ్రౌండ్, తెలుపూ ఎరుపూ కలిపితే సిరీస్ (రెండు కాయిల్స్ ఒకదాని వెనక ఒకటి). నలుపు, ఆకుపచ్చ తారుమారు చేశాం. తొడుగు లేని తీగ మాత్రం ఎప్పుడూ గ్రౌండ్‌కే. డిమార్జియోకు ఇవే రంగులు వేరే వరసలో ఉంటాయి, ఒకదాని పటం ఇంకోదానికి వాడొద్దు.

హంబకర్ కోసం వాల్యూమ్ పాట్ (గుబ్బ కింద ఉండే, తిప్పితే నిరోధం మారే భాగం) 250 నుంచి 500 కిలోఓమ్‌లకు మార్చాం. దాంతో సింగిల్ కాయిల్స్ చెవిని గుచ్చుతాయి కాబట్టి స్విచ్ దగ్గర ఒక్కోదానికి గ్రౌండ్‌కు 470 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టాం. పాట్, రెసిస్టర్ పక్కపక్కన కలిసి 242 కిలోఓమ్‌లు అవుతాయి, పాత 250కి దగ్గర. పాట్ వీపు మీద టంకం పట్టాలంటే చిన్న ఐరన్ చాలదు, 40 వాట్లకు తక్కువ వద్దు. చల్లారిన టంకం బూడిదరంగులో గరుకుగా ఉంటే మళ్లీ కరిగించాలి.

పని అయ్యాక వెలుతురుండగానే పానగల్లు పోయి ఛాయా సోమేశ్వరాలయం చూశాం. లింగం వెనక నిలిచే ఆ నీడ కోసం పగటిపూటే వెళ్లాలి. ఆదివారం చర్చిలో కార్డ్‌లో ప్రతి తీగా విడివిడిగా వినిపించింది.

మధ్యాహ్నం కొండమల్లేపల్లి, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా పాలమూరు. ఫంక్షన్ హాల్లో అసలు పరీక్ష. రంగుల లైట్లు, డిమ్మర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు అన్నీ ఒకే లైను మీద. సింగిల్ కాయిల్ పెట్టగానే బుయ్యిమని మోత. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో పనిచేసేలా ఉంటాయి కాబట్టి ఆ మోత కొట్టుకుపోతుంది. ఇక్కడే చాలామంది పొరపడేది: సన్నని సౌండ్ కోసం పుష్‌పుల్ పాట్‌తో (లాగితే స్విచ్‌లా పనిచేసే గుబ్బతో) ఒక కాయిల్‌ను ఆపేస్తారు, మోత తిరిగొస్తుంది. మేం అదే పాట్‌ను రెండు కాయిల్స్‌నూ సిరీస్ నుంచి ప్యారలల్‌కు (పక్కపక్కన) మార్చేలా కట్టాం. ప్యారలల్‌లో నిరోధం నాలుగో వంతుకు, అంటే 2 కిలోఓమ్‌లకు పడుతుంది, సౌండ్ పలచబడి మెరుస్తుంది, మోత మాత్రం రాదు. మన హాళ్లకు ఇదే సరైనదని గట్టిగా చెబుతాం.

స్టేజీ ఎక్కేముందు సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూడండి. గిటారు తీగలు గ్రౌండ్‌కు కలిసే ఉంటాయి. ఎర్త్ లేనిచోట పెదవి మైక్‌కు తగిలితే షాక్ కొట్టొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. మోత తగ్గుతుందని ప్లగ్ ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీయొద్దు.

ఎత్తు అక్కడే సరిచేశాం. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పోల్ దాకా లావు తీగ వైపు 2.5, సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు. సోలో కొంచెం కటువుగా అనిపిస్తే సన్న వైపు స్క్రూ అర చుట్టు దించాం. రాత్రి సామాను సర్దేముందు గిటారు వెనక స్ప్రింగుల మూత లోపల టేపు అంటించి, ఏ రంగు తీగ ఎక్కడికి పోయిందో, నలుపు ఆకుపచ్చ మార్చామన్న సంగతితో సహా రాసిపెట్టి తమ్ముడి చేతికిచ్చాం.