వయ్యారిభామ పీకిన ఆదివారం

బెంగళూరు, జులై, ఆదివారం రాత్రి

ఉదయం ఆరుంబావుకు గేటు దాటేసరికి సన్నని తుంపర పడుతోంది. గొడుగు కోసం వెనక్కి వెళితే కాఫీ, పేపరు అంటూ ఇంట్లోనే ఎనిమిదవుతుందని తెలుసు కనుక, చున్నీ తలకు చుట్టుకుని అలాగే నడిచాను. మా అపార్ట్‌మెంటు వెనక గోడను ఆనుకుని పోయే చిన్న కాలువ కొంత దూరం వెళ్ళి పెద్ద రాజకాలువలో కలుస్తుంది, ఆ రాజకాలువ బెళ్ళందూరు చెరువుకు చేరుతుంది. పన్నెండేళ్ళ క్రితం ఈ ఫ్లాటు కొన్నప్పుడు దీన్ని మేమందరం మురికికాలువ అనే అనేవాళ్ళం. వంటింటి కిటికీ ఆ వైపు తెరవకూడదని పాలు పొంగించిన రోజే మా అత్తగారు నియమం పెట్టారు. ఈ మురికికాలువకు ఒక గట్టు ఉందని, దాని మీద వావిలి, కానుగ, మేడి పెరగవలసిందని, రెండేళ్ళ క్రితం మా పక్క బ్లాకుకు వచ్చిన మదనపల్లె టీచరుగారు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆవిడ ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు.

ఆ గట్టును బాగుచేసే ఆదివారం పనికి ఈ రోజు పదకొండు మందిమి వచ్చాము. మొక్కలు నాటే రోజున ముప్పై మంది వస్తారు, కలుపు తీసే రోజున పది పన్నెండు మంది దాటరు. ఎవరినీ తప్పుపట్టలేను, నాటిన రోజున చూపించుకోవడానికి ఒక మొక్క ఉంటుంది, తీసిన రోజున చూపించడానికి ఖాళీ నేల తప్ప ఏమీ ఉండదు. అయితే రెండేళ్ళలో నాకు అర్థమైనంతవరకు, ఈ గట్టుకు మేము చేసిన మేలంతా ఆ ఖాళీ నేలలోనే ఉంది. తీయవలసినవి తీసి కాచుకుని కూర్చుంటే, మేము నాటని రెల్లు, మేము నాటని ఆముదం, ఎక్కడి నుంచో పిట్టలు తెచ్చిన నేరేడు వాటంతట అవే లేచాయి. డబ్బు పెట్టి కొని తెచ్చి నాటిన వాటిలో సగం మొదటి వేసవికే ఎండిపోయాయి.

ఈ రోజు పని వయ్యారిభామ మీద. మా హిందూపురం వైపు దాన్ని కాంగ్రెసు గడ్డి అంటాము. కొడవలితో కోస్తే మొదలు నుంచి మళ్ళీ చిగురిస్తుంది కనుక పూత రాకముందే వేరుతో సహా పీకాలి, ఎందుకంటే ఒక్క మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది. దాని వేళ్ళ నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి దిగే రసాలు పక్క విత్తనాలను మొలకెత్తనివ్వవు కాబట్టి, అది ఒకసారి పరుచుకున్న చోట ఇంకొకటి లేవడం కష్టం. నేల తడిసి ఉండడం వల్ల వేరు నులివెచ్చని అన్నంలో నుంచి కరివేపాకు రెబ్బ తీసినంత సులువుగా వచ్చింది. చేతి తొడుగులు లేకుండా పీకిన ఒక అబ్బాయికి గంటలో మణికట్టు మీద దద్దుర్లు లేచాయి. ఆయాసం ఉన్నవాళ్ళను పూత సమయంలో దగ్గరికే రానివ్వకూడదు.

గట్టు మలుపు దగ్గర టీచరుగారు ఒక మొక్క ముందు కూర్చుని, "దీన్ని పీకొద్దమ్మా, చూడు" అన్నారు. ఆకులన్నీ ఈనెలు మిగిలేలా జల్లెడ పట్టినట్లు తినేసి ఉన్నాయి. లేత గోధుమ రంగు వీపు మీద ముదురు చారలున్న చిన్న పెంకు పురుగులు నాలుగైదు దాని మీద పాకుతున్నాయి. వయ్యారిభామ పుట్టిల్లు అమెరికా ఖండాలు. దాన్ని తినే ఈ పురుగును మెక్సికో నుంచి తెప్పించి, పరీక్షించి, 1984లో ఇదే బెంగళూరులో వదిలారని ఆవిడ చెప్పారు. వానలు తగ్గాక ఇది మట్టిలోకి దిగి నిద్రపోతుంది, వానలు పడ్డాక మొక్కతో పాటే పైకి వస్తుంది. ఈ ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఉంటున్న నాకు, నాకంటే ముందు నుంచి ఇక్కడ ఇదే పని చేస్తున్న కూలీ ఒకటి ఉందని ఈ రోజే తెలిసింది. ఇన్ని దశాబ్దాలు తిన్నా పురుగూ మిగిలింది, మొక్కా మిగిలింది కదా అని నాకు ఒక సందేహం ఉండిపోయింది. అయినా పూత వచ్చినవి పీకి, పురుగు పట్టినవి వదలాలన్న ఆవిడ మాటకే కట్టుబడ్డాము. ఇలాంటి తప్పు మేము ఒకసారి చేశాము. నిరుడు జిల్లేడును పిచ్చిమొక్క అని నరికేశాము. తరువాత తెలిసింది, నారింజ రంగు రెక్కలకు నల్లంచు మీద తెల్లచుక్కలుండే సీతాకోకచిలుక పిల్లలు తినేది దాని ఆకులనే అని. ఇప్పుడు మళ్ళీ మొలిచిన ఆ జిల్లేడుకు మా కింది అంతస్తు పిల్లలిద్దరు కాపలా, నలుపు తెలుపు పట్టెల గొంగళి పురుగులను లెక్కపెట్టి చెప్పడం వారి ఉద్యోగం. ఈ రోజు లెక్క ఆరు.

తొమ్మిది గంటలకు వట్టివేరు దుబ్బుల దగ్గరికి వెళ్ళాము. నిరుడు ఆగస్టులో గట్టు వాలున నలభై దుబ్బులు పెట్టాము. దాని వేరు పక్కలకు పాకదు, నిలువునా మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టు వేసినట్లు పట్టుకుంటుంది. ఈ మార్చిలో పూడిక తీయడానికి వచ్చిన యంత్రం పూడికతో పాటు గట్టు చర్మాన్ని కూడా గీరుకుపోయింది. ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే తాడు కట్టి హద్దు చూపించేవాళ్ళం. ఆ రోజు నాకు ఏడుపు వచ్చిన మాట నిజమే, కానీ న్యాయంగా ఆలోచిస్తే వాళ్ళ భయమూ అర్థమవుతుంది. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి ట్రాక్టర్ల మీద జనం ఆఫీసులకు వెళ్ళిన తరువాత, కాలువలో పచ్చగా ఏది కనబడినా నీటికి అడ్డమే అనుకోవడం సహజం. కాలువ అడుగున పెరిగే జమ్మును, గుర్రపుడెక్కను తీయవలసిందే. గట్టును మాత్రం పట్టుకుని ఉండనివ్వాలి. ఆ తేడా యంత్రం నడిపే అబ్బాయికి ఎవరో ఒకరు చెప్పాలి, చెప్పవలసినవారు ఆ రోజు రాలేదు. లెక్కపెడితే ఇరవై మూడు దుబ్బులు మళ్ళీ చిగురించాయి. అసలు పెద్ద వానలు ఇక్కడ సెప్టెంబరు, అక్టోబరులలో పడతాయి కనుక, ఖాళీల్లో ఈ నెలలోనే మళ్ళీ పెట్టాలి.

ఆ ఖాళీల్లో సీమ తురాయి పెడితే నాలుగేళ్ళలో గట్టంతా ఎర్రగా పూస్తుందని కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ తమ్ముడు ఉత్సాహపడ్డాడు. అతని తప్పేమీ లేదు. లాల్‌బాగ్ తోటలను చూసుకున్న జర్మన్ నిపుణుడు క్రుంబీగల్ కాలం నుంచి ఈ నగరం ఋతువుకొక రంగు పూసే పరదేశపు చెట్లనే తన అందంగా చూసుకుంది, నాకూ ఏప్రిల్‌లో అవంటే ఇష్టమే. టీచరుగారు వాదించకుండా అతని చేతికి ఒక మేడి కొమ్మ ఇచ్చి, "ఇది నాటు నాయనా, దీనికి పూలు కనబడవు, కానీ కాయలకు ఎన్ని పిట్టలు వస్తాయో చూద్దువు" అన్నారు. అతను కొంచెం చిన్నబుచ్చుకున్నట్లే అనిపించింది.

గుంత తవ్వింది మా తోటమాలి. ఆయనది కోలారు జిల్లా, తెలుగే మాట్లాడతాడు. ఆదివారం ఆయనకు సెలవు, అయినా వస్తాడు. మేము స్వచ్ఛందం అంటున్నది, నెల జీతం మా చేతిలో ఉన్న ఆయన విషయంలో ఎంత స్వచ్ఛందమో అని నాకు ప్రతిసారీ ఇబ్బందిగానే ఉంటుంది. గడ్డపార దించి, "ఈ నీళ్ళే కదక్కా మా ఊరి చెరువుకు వస్తాండేది" అన్నాడు. కొంతవరకు నిజమే. 2018 నుంచి, మా కాలువ పారే కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసిన మురుగునీటిని గొట్టాలలో కోలారు చెరువులకు ఎత్తిపోస్తున్నారు. ఆ శుద్ధి రెండో దశతోనే ఆగిపోతోందని, అది చాలదని అభ్యంతరాలు ఉన్నాయి. గొట్టాలకు ఎక్కనిది బెళ్ళందూరు, వర్తూరు చెరువులు దాటి దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడుకు పోతుంది. ఈ లోయకు తలాపున ఉండిన ధర్మాంబుధి చెరువు మీదే ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉందంటే, హిందూపురం బస్సు ఎక్కడానికి ఎన్నోసార్లు అక్కడ నిలబడిన నాకే ఒక నిమిషం నమ్మబుద్ధి కాలేదు. ఆయన అంతా విని, "చెరువు నిండినాక మా బోర్లలో నీళ్ళు పైకొచ్చినాయి, వాసన మాత్రం పోలేదక్కా" అని గుంతలో మట్టి తోశాడు.

నగర ప్రణాళిక 2015 ప్రకారం ఇలాంటి చిన్న కాలువకు మధ్య నుంచి పదిహేను మీటర్ల వరకు ఏమీ కట్టకూడదు. మా ప్రహరీ గోడ ఎన్ని మీటర్లలో ఉందో టేపు పెట్టి కొలుద్దామని పది నెలలుగా అనుకుంటున్నాము. టేపు మా ఇంట్లోనే ఉంది.

పీకిన గడ్డి తొమ్మిది గోనె సంచులైంది. పూత ఉన్నవాటిని ఎరువు గుంతలో వేస్తే విత్తనాలు మళ్ళీ గట్టుకే చేరతాయి కనుక, వేరుగా కట్టి ఎండబెట్టడానికి డాబా మీదికి మోసుకుపోయాము. లిఫ్టులో మట్టి పడిందని సెక్రటరీగారు గ్రూపులో మెసేజి పెట్టారు, నేను వెళ్ళి తుడిచి వచ్చాను.

రాత్రి తొమ్మిదికి వాన గట్టిగా అందుకుంది. ఇరవై మూడు దుబ్బులు ఎలా ఉన్నాయోనని వంటింటి కిటికీ తెరిచి నిలబడ్డాను. చీకట్లో నీటి చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. వెనక నుంచి అత్తయ్య, "వాసన వస్తోందే, వేసెయ్" అన్నారు. ఒక రెక్క వేశాను.