దాళ్వా చేలో ఎలుకలు: మందు ఎప్పుడు, పొగ ఎప్పుడు, బుట్ట ఎప్పుడు

జనవరి వచ్చి దాళ్వా, అంటే రెండో పంట వరి, మొదలైందంటే డెల్టాలో ఏ పురుగుమందుల కొట్టు దగ్గర చూసినా ఒకటే మాట: "ఎలుకలకి ఏది బాగా పని చేస్తుందండీ?" కొట్టువాడు ఏదో ఒక పొట్లం చేతిలో పెడతాడు. చేను వయసెంతో అడిగి ఇచ్చేవాడు అరుదు. నారుమడిలో బ్రహ్మాండంగా పనిచేసిన మందు నూకల ఎరే పొట్ట దశలో కన్నం ముందు పడి బూజు పడుతుంది. చుట్టూ తియ్యటి లేత వెన్నులుంటే నూకలెందుకు తింటుంది?

ముందు మనం తలపడుతున్నది దేనితోనో చూసుకోవాలి. మన చేలల్లో ఎక్కువ నష్టం చేసేది చిన్న పందికొక్కు రకం. శాస్త్రీయంగా బాండికోటా బెంగాలెన్సిస్. దీని కన్నాన్ని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు: గట్టు వారన తాజా మట్టి కుప్ప ఉంటుంది, కన్నం నోరు లోపలి నుంచి మట్టితో మూసి ఉంటుంది. లోపల ఒక గదిలో పిల్లలు, ఇంకో గదిలో కత్తిరించి దాచిన వెన్నులు. మెత్తబొచ్చు ఎలుకా, చిట్టెలుకా కూడా ఉంటాయి గానీ అవి ఇలా గాదెలు కట్టవు. పందికొక్కు చూలు కట్టిన మూడు వారాలకే ఈనుతుంది. ఈతకు ఆరు నుంచి పది పిల్లలు. అందులోనూ పైరు పొట్ట మీదున్నప్పుడు, గింజ కట్టేటప్పుడు ఈతలు జోరుగా ఉంటాయి. అప్పుడు మేల్కొంటే ఆలస్యమైపోయినట్టే.

చేలో ఎలుక పడిందని తెలిసేదీ ఆలస్యంగానే. గట్టు వారన రెండు మూడు వరసలు ఒదిలేసి లోపల నరుకుతుంది. గట్టు మీద నడిచేవాడికి చేను పచ్చగానే కనిపిస్తుంది. మధ్యలోకి దిగి చూస్తే పిలకలు ఏటవాలుగా, కత్తితో కోసినట్టు తెగి ఉంటాయి. కాండం తొలిచే పురుగు పట్టిన పిలక ఎండిపోయి, లాగితే ఊడివస్తుంది. ఎలుక కొరికింది నీటి మీద పచ్చగా తేలుతుంది. ఈ తేడా పట్టుకోలేక గుళికల మందు చల్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఎయిర్ గన్ సంగతి ఈమధ్య కుర్రాళ్లు తెగ అడుగుతున్నారు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. నిజమే. కానీ రాత్రిపూట తిరిగేదాన్ని, మోకాలెత్తు పైరులో, ఒక్కొక్కటిగా ఎన్నింటిని కొడతారు? పైగా ఆ చీకట్లో కదిలింది నక్కో, బావురుపిల్లో అయితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. ఆ రెండూ ఎలుకల్ని తినేవే. తుపాకీ ఇంట్లోనే పెట్టండి.

ఇక మందు. ఊడ్చిన దగ్గర్నుంచి చిరుపొట్ట (కాండంలో వెన్ను పుట్టే దశ) వచ్చేలోపు, అంటే దాళ్వాలో సుమారుగా నాటిన నెల రోజుల లోపు, ఎర పెట్టడానికి అదను. అంతకన్నా మంచి అదను సార్వా (తొలి పంట) నారుమళ్లకు ముందు, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు. చేలల్లో తిండి ఉండదు. ఎలుకలన్నీ కాలువ గట్లూ, మురుగు కాలువలూ, పుంతలూ, కొబ్బరితోటల్లో చేరి ఉంటాయి. ఆకలి మీదుంటాయి కాబట్టి పెట్టింది తింటాయి. అప్పుడు చంపిన ఒక్క ఆడ ఎలుక నవంబరులో చంపే ఒక గుంపుతో సమానం.

మొదటి సాయంత్రం మందు జోలికే పోవద్దు. కనిపించిన ప్రతి కన్నాన్నీ తడిమట్టితో మూసేయండి. మర్నాడు పొద్దున్నే ఏవి తెరుచుకున్నాయో అవే ఎలుక ఉన్న కన్నాలు. వాటి పక్కన ఒక పుల్ల గుచ్చండి. ఈ పని బద్ధకించి కనపడ్డ కన్నమల్లా పొట్లం వేసేవాళ్లు సగం మందు పాత కన్నాల్లో పారబోస్తారు, సగం ఎలుకల్ని ఒదిలేస్తారు.

ఎర కలపడం బ్రోమడయోలోన్ 0.25 శాతం పొడితో. లెక్క 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. పది కిలోల ఎరకు 9 కిలోల 600 గ్రాముల నూకలు, 200 గ్రాముల నూనె, 200 గ్రాముల మందు. ముందు నూకలకు నూనె పట్టించాలి, ఆ తర్వాతే పొడి చల్లి కర్రతో కలపాలి. నూనె లేకపోతే పొడి అడుగుకు జారి, పైన ఒట్టి నూకలు మిగులుతాయి. నూకలు కొత్తవి కావాలి, నూనె కంపు కొట్టకూడదు. కోళ్లకని పక్కన పడేసిన ముక్కిన నూకలు తెచ్చి ఎలుక తినలేదంటే ఏం లాభం? చేతికి తొడుగులు వేసుకోవాలి, కలిపే పాత్ర మళ్లీ ఇంట్లోకి రాకూడదు. ఇలా కలిపింది 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లాలు కట్టి, కర్రతో కన్నం లోపలికి తోసి, నోరు మెత్తగా మూయాలి. ఏభై ఎకరాల ఆయకట్టులో ఎకరాకు 15 కన్నాలు లెక్కేసుకుంటే 750 పొట్లాలు, పదకొండుంపావు కిలోల ఎర. ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి, మన ఉక్కకు నాలుగు రోజుల్లో బూజు వస్తుంది.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే: రెండో రోజు చచ్చిన ఎలుక కనపడలేదని మందు రెట్టింపు చేసి మళ్లీ వేస్తారు. బ్రోమడయోలోన్ రక్తం గడ్డకట్టకుండా చేసి చంపుతుంది, దానికి నాలుగు రోజుల నుంచి పది రోజులు పడుతుంది. ఆ నిదానమే దాని బలం. తోటి ఎలుక దేనివల్ల చచ్చిందో మిగతావాటికి తెలియదు కాబట్టి అవీ తింటాయి. చాలావరకు కన్నంలోనే చస్తాయి. పది రోజులాగి మళ్లీ కన్నాలు మూసి చూడండి. తెరుచుకున్నవాటికి రెండో విడత పొట్లాలు వేయండి.

జింక్ ఫాస్ఫైడ్ వేరే జాతి. ఒక్క రాత్రిలో పని కానిస్తుంది, అందుకే అందరికీ మోజు. కానీ కొద్దిగా తిని కడుపునొప్పితో బయటపడ్డ ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. అందుకని ముందు రెండు రోజులు మందు లేని నూకలూ నూనె కలిపి 20 గ్రాముల చొప్పున అలవాటు చేసి, మూడో రోజు మందు కలిపిన ఎర 10 గ్రాములు పెట్టాలి. ఒక పంటకు ఒక్కసారి చాలు, మిగిలినవాటికి బ్రోమడయోలోన్. మన డెల్టాలో దీనికి ఇంకో చిక్కుంది: తడి తగిలితే దాని విషవాయువు ఎలుక పొట్టలోకి చేరకముందే పోతుంది. ఊటెక్కిన గట్టులో దాన్ని పెట్టడం దండగ. మనిషి మింగితే విరుగుడు లేదు. బ్రోమడయోలోన్‌కైతే విటమిన్ కె1 ఉంది, ఆసుపత్రికి పొట్లం కూడా పట్టుకెళ్లాలి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మామూలు రైతుకు అమ్మకూడనివి, ఎవరైనా ఇస్తామన్నా పుచ్చుకోవద్దు.

ఎర గట్టు మీద ఆరుబయట చల్లారంటే ముందు చచ్చేది కోళ్లూ పిట్టలూ. మాసూళ్లయ్యాక మోళ్లలోకి బాతుల మందలు దిగుతాయి. బాతుల మంద తోలేవాడికి ఒక మాట ముందే చెప్పడం మర్యాద, లేకపోతే పంచాయితీ తప్పదు.

చిరుపొట్ట దాటిందా, ఎర సంచీ కట్టేయండి. అక్కణ్ణుంచి పొగ. సన్నమూతి కుండ అడుగున వేలు పట్టేంత చిల్లు చేసి, లోపల వరిగడ్డి కుక్కి అంటించి, మూతిని కన్నానికి ఆనించి చుట్టూ బురద మెత్తి, అడుగు చిల్లులోంచి ఊదాలి. చేత్తో తిప్పే పొగ యంత్రం ఉంటే పని సులువు. గడ్డి కొంచెం చెమ్మగా ఉంటే మంట తగ్గి పొగ పెరుగుతుంది. ఒకరు ఊదుతుంటే ఇంకొకరు గట్టు వెంట నడవాలి, పొగ ఎక్కడ లేస్తే అక్కడ బురద ముద్ద కొట్టాలి. రెండు మూడు నిమిషాలు నిండుగా పొగ పట్టిస్తే లోపలున్నవి పిల్లలతో సహా పోతాయి. తడి నల్లమట్టిలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఏప్రిల్లో గట్లు నెర్రెలిచ్చాక పొగ నిలవదు, పైగా పక్కనే ఎండు గడ్డి, నిప్పు భయం.

బుట్టలు అన్ని దశల్లోనూ పనికొస్తాయి. వెదురు బద్ద వంచి దారం బిగించిన ఆ బుట్టలో నాలుగు వడ్లు వేసి, సాయంత్రం ఎలుక నడిచే జాడలో పెట్టి, తెల్లవారకముందే తీస్తారు. జాడ పట్టడమే విద్య, బుట్ట ఎవరైనా అల్లొచ్చు. అందుకే తరతరాలుగా ఆ పని చేసేవాళ్లనే పిలవండి, ఎలుకకింతని కాకుండా మాగాణి మొత్తానికి మాట్లాడుకోండి. ఎలుకకింతంటే ఎలుకలెక్కువున్న చేల చుట్టూనే తిరుగుతారు, అది వాళ్ల తప్పూ కాదు. చచ్చిన ఎలుకల్ని ఒట్టి చేతులతో పట్టనివ్వొద్దు. ఎలుక మూత్రం కలిసిన బురదతో లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది. కాలికి పుండున్నవాళ్లు ఊడ్పుల్లో జాగ్రత్తగా ఉండాలి.

ఇవన్నీ ఒక్క రైతు చేస్తే పక్క చేలోంచి వారానికల్లా కొత్త ఎలుకలు ఆ ఖాళీ కన్నాల్లో కాపురం పెడతాయి. ఒక బోదె (చిన్న పంట కాలువ) కింద ఆయకట్టంతా ఒకే రోజు కన్నాలు మూసి, ఒకే రోజు పొట్లాలు వేయాలి. కౌలుదారు ఊళ్లో లేడని ఒక కమతం ఒదిలేస్తే అదే విత్తనం. చేపల చెరువుల గట్లు ఇంకా పెద్ద సమస్య: ఎత్తుగా, ఏడాదంతా దున్నకుండా, పక్కనే మేత బస్తాలు. చెరువుల వాళ్లను బతిమాలి అయినా కలుపుకోవాలి. గట్టుకు కన్నం పడితే తెగేది వాళ్ల చెరువే కాబట్టి ఆ మాట చెబితే వింటారు.

చేల మధ్య గట్లు అడుగు వెడల్పు, అడుగు ఎత్తు మించకుండా చెక్కించండి. అంత సన్నని గట్టులో పందికొక్కు గదులు కట్టలేదు. సార్వా దమ్ముకు ముందు ఎలాగూ గట్లు చెక్కుతారు, కూలీలకు ఈ కొలత చెప్పి ఒక కర్ర ముక్క కోసి ఇస్తే సరిపోతుంది.