పులుసులో మరో గ్లాసు నీళ్లు

విజయనగరంలో మనం చదువుకున్న మక్తబ్ (పిల్లలు ఖురాన్ నేర్చుకునే బడి) అనగానే చాలామందికి ఖాయిదా (అరబీ అక్షరాల వాచకం), తజ్వీదు (ఖురాన్ ఉచ్చారణ నియమాలు) గుర్తొస్తాయి. నేను రాయాలనుకున్నది అక్కడ ఐదారేళ్ల గుంటలకు దయ నేర్పిన తీరు గురించి. ఇప్పుడు మనలో చాలామందిమి పిల్లల తల్లిదండ్రులం, కొందరం సాయంత్రాలు నలుగురిని కూర్చోబెట్టి చదువు చెబుతున్నాం. ఆ తీరు మనతో ఆగిపోకూడదు.

సాయంత్రం అసర్ నమాజుకూ సూర్యాస్తమయపు మగ్రిబ్ నమాజుకూ మధ్య చదువులో చివరి పది నిమిషాలు దీనికే. వారమంతా ఒకే పని, ఒకే హదీసు (ప్రవక్త మాట లేదా నడవడిక). శనివారం పని మొదలుపెట్టించి మంగళవారం దాకా చేయించేవారు, బుధవారం గాని హదీసు వినిపించేవారు కాదు. ఈ వరుస తిరగబడితే ఏమవుతుందో ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. హదీసు ముందు విన్న పిల్ల దాన్ని చెల్లెలి మీదికి తీసుకెళ్తుంది. "నువ్వు సలాం చెప్పలేదు, నీకు గునా (పాపం)" అని తప్పు పట్టడం వస్తుంది గాని తాను సలాం చెప్పడం రాదు. అదే చేతికి అలవాటైన పనికి హదీసు తోడైతే, నేను చేస్తున్నది ఇదే కదా అని మురిసిపోతుంది.

సలాం సంగతీ అంతే. చిన్నవాళ్లు పెద్దవాళ్లకు, నడిచేవారు కూర్చున్నవారికి చెప్పాలన్నది నియమం. అయినా చదువు చెప్పే హజ్రత్ గుమ్మంలో నిలబడి తానే ముందు చెప్పేవారు. ప్రవక్త ముహమ్మద్ (స: ఆయనకు శాంతి కలుగుగాక) పిల్లల పక్కగా వెళ్తూ వారికి సలాం చెప్పేవారని ఆయన సహచరుడు అనస్ (ర: అల్లాహ్ ఆయన పట్ల ప్రసన్నుడగుగాక) చెప్పిన మాటే అందుకు ఆధారం.

ముగ్గురున్నచోట మూడోవారిని వదిలి ఇద్దరు గుసగుసలాడవద్దని, అది వారిని బాధపెడుతుందని హదీసు. దీన్ని మన మక్తబ్‌లో భాషకు కూడా వర్తింపజేశారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలూ, తెలుగు తప్ప రానివాళ్లూ ఒకే చాప మీద కూర్చునేవారు. తెలుగు పిల్లవాడు పక్కనుండగా ఇద్దరు ఉర్దూలో నవ్వుకుంటే అదీ గుసగుసే. అప్పుడు మాట తెలుగులోకి మార్చాలి, లేదా ఏమన్నారో అతనికి చెప్పాలి. పెద్దల సభల్లో కూడా ఈ నియమం ఉంటే బాగుండును.

అన్నిటికంటే బాగా నేర్పింది చాప తడిసిన రోజుల్లో. చిన్న క్లాసులో ఎవరో ఒకరు భయానికో, ఆపుకోలేకో తడుపుతూనే ఉంటారు. వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసే చోటు వెనక ఒక బకెట్టు, మగ్గు, పాత లుంగీ గుడ్డ, రెండు సైజుల పైజామాలు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. తడిపిన పిల్లవాడి పేరు పిలవరు. "అందరూ లేచి ఖిబ్లా వైపు తిరిగి ఫాతిహా గట్టిగా చదవండి" అంటారు. ఖురాన్ తొలి అధ్యాయం ఫాతిహా చదువుతూ ఉంటే అందరి చూపూ మక్కా దిక్కయిన పడమటి గోడ మీదే ఉంటుంది. ఈలోగా ఒక పెద్ద పిల్లవాడు వీణ్ణి వెనక్కి తీసుకెళ్తాడు, ఇంకొకడు నీళ్లు పోసి గుడ్డతో అద్ది చాప ఎండలో వేస్తాడు. మసీదులో మూత్రం పోసిన ఎడారివాసి మీదికి సహచరులు లేవబోతే ప్రవక్త (స) వారిని ఆపి, అతణ్ణి కానిచ్చి, ఆ చోట బకెట్టు నీళ్లు పోయించిన హదీసు ఆ రోజు చెప్పరు. చెబితే అందరూ వాడి వైపే చూస్తారు. కొన్ని వారాలు పోయి, ఎవరి ముఖమూ గుర్తురాని వేళ చెప్పేవారు. బెత్తం ఉన్నచోట ఇవేవీ నిలవవు. పదేళ్లు సేవ చేసిన తనతో ప్రవక్త (స) ఒక్కసారీ "ఉఫ్" అనలేదని అనస్ (ర) అన్న మాట పిల్లల కంటే ముందు చదువు చెప్పేవాళ్లు నేర్చుకోవాలి.

పులుసు వండితే నీళ్లు ఎక్కువ పోసి పొరుగువారిని తలచుకోమని ప్రవక్త (స) తన సహచరుడు అబూ జర్‌కు (ర) చెప్పిన హదీసు ఇంటి పని. ఒట్టి నీళ్లు పోస్తే పులుసు పలచబడి పారబోయాల్సి వస్తుంది. నలుగురికి వండే పప్పుపులుసుకైతే ఒక గ్లాసు నీళ్లతోపాటు గుప్పెడు కందిపప్పు, కాస్త ఉప్పు, చింతపండు కూడా పెరగాలి. గిన్నె ముప్పావు వంతే నింపి, మూత పెట్టి, గోరువెచ్చగా అయ్యాకే పిల్లల చేతికివ్వాలి. ఐదేళ్లలోపు వారి చేతికి పులుసు కాక ఖర్జూరాలే ఇచ్చి పంపాలి. ముందు ఏ ఇంటికి? గుమ్మం ఎవరిది దగ్గరైతే వారికేనని తన భార్య ఆయిషాకు (ర) ప్రవక్త (స) చెప్పారు. మాంసం తినని ఇంటికి సేమియా పంపాలి, అదీ మాంసం వండని గిన్నెలో, వాళ్లను అడిగి. మేకను కోసిన రోజు ప్రవక్త సహచరుడు అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) మన యూదు పొరుగింటికి పంపారా అని ఇంట్లో అడిగిన సంగతి పిల్లలకు ఇక్కడే చెప్పాలి. గిన్నె తిరిగి ఏం తెస్తుందోనని గుమ్మంలో నిలబడనివ్వకూడదు.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించినవారిని అల్లాహ్ మన్నించిన హదీసు చిన్నవాళ్లకు చెప్పొచ్చు. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పోయిన హదీసు ఏడెనిమిదేళ్లు నిండాకే. అంతకుముందు చెబితే పిల్లి మీద జాలి కలగదు, భయం పట్టుకుంటుంది. భయపడిన పిల్లలు చేసిన తప్పు దాస్తారు. పిట్టలకూ జంతువులకూ నీళ్లు పెట్టడానికి వెడల్పాటి మట్టి మూకుడు కావాలి, లోతు రెండు అంగుళాలు చాలు, పిట్టలూ తేనెటీగలూ మునగకుండా మధ్యలో ఒక రాయి. నీడలో పెట్టి రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కొబ్బరిపీచుతో రుద్దితే చాలు, సబ్బు వద్దు. కుక్క తాగుతున్నప్పుడూ, తన కూనలతో ఉన్నప్పుడూ దగ్గరికి పోవద్దని కచ్చితంగా చెప్పాలి. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గురువారం సదఖా (దానం) సంచీ తిరిగేది. నల్ల గుడ్డ సంచీ, మూతి బిగువు. డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ పిడికిలి బిగించి లోపల పెట్టి, తెరిచి తీయాలి. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో పక్కవాడికి తెలియదు. దెప్పిపొడిచి దానాన్ని వ్యర్థం చేసుకోవద్దని ఖురాన్‌లోని బఖరా సూరా (అధ్యాయం) 264వ ఆయతు (వాక్యం). గోడ మీద పేర్లు రాసి నక్షత్రాలు అంటించే అలవాటు ఇప్పుడు చాలాచోట్ల మొదలైంది. నాకది నచ్చదు. ఎవరూ చూడనప్పుడు ఆ చెయ్యి లేవదు.

కొట్లాటల్లో బలవంతంగా "మాఫ్ కరో" (క్షమించు) అనిపించేవారు కాదు. ముందు విడదీసి చెరో గోడకు కూర్చోబెడతారు. దెబ్బ తిన్నవాడినే "నీకేం కావాలి" అని అడుగుతారు. చిరిగిన కాగితం అతికించమంటాడు, పెన్సిలు తిరిగి ఇమ్మంటాడు. అది జరిగాక సలాం. మూడు రోజులకు మించి మాట మానడం తగదని, ముందు సలాం చెప్పినవారే మేలని హదీసు. పిల్లలకు మాత్రం మర్నాటి అసర్ దాకానే గడువిచ్చేవారు. అప్పటికీ అలక తీరకపోతే ఇద్దరికీ కలిపి ఒకే ఖాయిదా ఇచ్చి, పేజీలు ఒకడు తిప్పితే ఇంకొకడు చదవాలనేవారు.