ఈగ తాగేది ఆకలికా, మత్తుకా: బరంపురంలో నా ప్రాజెక్టు

ఎం.ఎస్సీ. జువాలజీ ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి నేను పండు ఈగల్ని తీసుకున్నాను. మగ్గిన అరటిపళ్ల మీద, కల్లు కుండల అంచున ముసిరే చిన్న ఈగలే. గుణుపురం వైపు మా చుట్టాల ఊళ్లలో ఇప్పసారాకి అలవాటుపడి అన్నం మానేసినవాళ్లని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆకలి, మత్తు మెదడులో ఎక్కడ కలుస్తాయో తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడి నుంచి వచ్చిందే.

దీనికి ఈగే ఎందుకంటే, దాని మెదడు గసగసాల గింజంతే ఉన్నా 2024లో దాని పూర్తి పటం వచ్చింది: 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య 5 కోట్లకు పైగా కలయికలు. మన దేశంలోనూ ఈ పనికి గట్టి పునాది ఉంది. 1970లలోనే ముంబయిలోని టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తలు ఒబైద్ సిద్దిఖీ, వెరోనికా రోడ్రిగ్స్ రుచి, వాసన సరిగా తెలియని ఈగల్ని వెతికి పట్టి, ఆ లోపాల వెనకున్న జన్యువుల మీద పనిచేశారు.

పెంపకంతో పెద్ద ఇబ్బంది లేదు. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్ట్, అగర్ కలిపి ఉడికించి సీసాల్లో పోస్తే చాలు, పది రోజుల్లో కొత్త తరం వచ్చేస్తుంది. కానీ వాటికి 25 డిగ్రీలు కావాలి. బరంపురం ఎండాకాలంలో కరెంటు పోతే టెన్షనే. వేడి 30 దాటితే మగ ఈగలకి సంతానశక్తి పోతుంది. అందుకని థర్మకోల్ డబ్బా, ఐసు ప్యాకెట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునేదాన్ని.

ముందు ఆకలిని కొలవడం నేర్చుకున్నాను. తిండి తీసేసి, ఎండిపోకుండా తడి కాగితం మీద ఉంచిన ఈగని ఐసు మీద చలికి కదలకుండా పడుకోబెట్టి, వీపుకి నెయిల్ పాలిష్ చుక్క పెట్టి గాజు పలకకి అతికిస్తాం. తేరుకున్నాక ముందు కాలికి పంచదార నీళ్లు తగిలిస్తే తొండం చాపుతుంది. ఈగకి నాలుక పని కాళ్లు కూడా చేస్తాయి మరి! కడుపు నిండిన ఈగ పట్టించుకోని పలచటి తీపికి కూడా ఆకలిగొన్నది తొండం చాపుతుంది. ఆకలి వేసినప్పుడు డోపమైన్ అనే మెదడు రసాయనం ఆ తీపిని పట్టే నాడుల్ని మరింత చురుకు చేస్తుందని 2012లో తేలింది. మత్తు పదార్థాల విషయంలో మనం వినే డోపమైనే అది. మైక్రోస్కోపు కింద మొదటిసారి ఆ తొండం బయటికి రావడం చూసినప్పుడు చాలాసేపు కన్ను తియ్యలేకపోయాను.

అసలు కష్టం మద్యం దగ్గర మొదలైంది. సన్నటి గాజు గొట్టాలు రెండు సీసా మూతలోంచి దింపుతాం. రెండిట్లోనూ పంచదార, ఈస్ట్ రసం ఉంటాయి. ఒకదాంట్లో 15 శాతం ఇథనాల్, అంటే మద్యంలో ఉండే ఆల్కహాల్, కూడా కలుపుతాం. ఎంత తాగిందో గొట్టంలో నీటిమట్టం దిగడాన్ని బట్టి మిల్లీమీటర్లలో కొలుస్తాం. మా ల్యాబ్ అటెండరు బాబాయ్ తొంగిచూసి, "ఏటమ్మా, ఈగలకి కూడా మందు పోస్తన్నావా?" అన్నారు. "అవును బాబాయ్, వాటికీ ఇష్టమే" అన్నాను. రోజులు గడిచేకొద్దీ నా ఈగలు మద్యం గొట్టం వైపే మొగ్గాయి. 2009లో దేవినేని, హెబర్లీన్ అనే పరిశోధకులు కూడా ఇదే చూపించారు. చేదు క్వినైన్ కలిపినా తాగాయని, కొన్నాళ్లు ఆపి మళ్లీ ఇస్తే త్వరగానే పాత స్థాయికి చేరాయని రాశారు.

కానీ ఇథనాల్‌లో కేలరీలుంటాయి కదా, అది తిండి కోసం తాగుతోందేమో అని మా సర్ అడిగారు. ఆ ప్రశ్నతో నాకు నిద్ర పట్టలేదు. 2012లో ఒక బృందం సరిగ్గా అదే చెప్పింది, ఆ మొగ్గుకి కారణం కేలరీలేనని. మామూలు గొట్టంలో పంచదార పెంచి రెండువైపులా కేలరీలు సమానం చేసి మళ్లీ పెట్టాను. తేడా బాగా తగ్గింది. అంటే నేను కొలిచిన ఇష్టంలో చాలా భాగం ఆకలే. నా థీసిస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం అదే.

అలాగని మత్తు లేదని కాదు. 2011లో చేసిన ప్రయోగంలో, మద్యంతో జతచేసిన వాసన కోసం ఈగలు కరెంటు షాక్‌ని కూడా ఓర్చుకున్నాయి. 2012లో ఇంకొక పరిశోధనలో, జతకట్టడానికి ఆడ ఈగలు కాదన్న మగవి ఎక్కువ మద్యం తాగాయి. వాటి మెదడులో ఎన్‌పీఎఫ్ అనే పెప్టైడ్ (నాడీకణాల మధ్య సంకేతాలు మోసే చిన్న ప్రోటీన్ ముక్క) తగ్గిపోయింది. ఆకలిగా ఉన్న ఈగకి తీపి జ్ఞాపకాల్ని పైకి తెచ్చేదీ ఆ ఎన్‌పీఎఫ్ వ్యవస్థే. దానికి సమానమైనది మన మెదడులోనూ ఉంది, ఎన్‌పీవై అంటారు. నేను వెతుకుతున్న కూడలి ఇక్కడుందని అప్పుడర్థమైంది. వైవాలో అందరికన్నా ఎక్కువసేపు నన్ను అడిగింది దీని గురించే.

ఈ ప్రయోగం చేయాలనుకునేవాళ్లు అవే గొట్టాలు పెట్టి, ఈగలు లేని సీసా ఒకటి తప్పకుండా పక్కన పెట్టుకోండి. మన తీరంలో మద్యం గొట్టం ఊరికే ఆవిరవుతుంది; ఖాళీ సీసాలో తగ్గినంతా ఈగల లెక్కలోంచి తీసేయాలి. ఆవిరి తగ్గేలా గొట్టం పైన మినరల్ ఆయిల్ చుక్క వేయడం మర్చిపోకండి.