గెస్ట్ స్పీకర్ వెళ్లిపోయాక

మా సేవా క్లబ్‌లో ఈ ఏడాది రెండు పనులు నాకు అప్పజెప్పారు. మీటింగులకి గెస్ట్ స్పీకర్లని పిలవడం ఒకటి, క్లబ్ బులెటిన్ రాయడం రెండోది. మామూలుగా వీటిని ఇద్దరు వేరువేరుగా చూస్తారు. రెండూ నా దగ్గరే ఉండటంతో నాకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. స్పీకర్ బాగా మాట్లాడారా లేదా అన్నది ఆ సాయంత్రం చప్పట్లను బట్టి తేలదు. నెలా రెండు నెలలు గడిచాక బులెటిన్‌లో వార్తలు రాయడానికి కూర్చుంటే తేలుతుంది. ఆయన చెప్పిందాంట్లో ఏదో ఒకటి మా వార్తల్లోకి వచ్చిందా? వస్తే ఆ సాయంత్రం పనికొచ్చినట్టు. రాకపోతే ఒక మంచి మనిషి సమయం మేం వృథా చేసినట్టు.

మీటింగ్ ఎలా జరుగుతుందో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రెసిడెంట్ గంట కొట్టగానే మొదలవుతుంది. ముందు సెక్రటరీ క్లబ్ వార్తలు చదువుతారు. జరిగిన ప్రాజెక్టులు, జరగబోయేవి, కొత్తగా చేరుతున్న వాళ్లు, ఒంట్లో బాగాలేని సభ్యులు, పుట్టినరోజులు. తర్వాత స్పీకర్, ఆ తర్వాత ప్రశ్నలు, చివర్లో వందన సమర్పణ. మొత్తం గంట, మహా అయితే గంటంపావు. పెద్దలందర్నీ పేరుపేరునా వేదిక మీదికి పిలవడానికి పావుగంట, స్పీకర్ బయోడేటా చదవడానికి ఇంకో పది నిమిషాలు పోయిన మీటింగులు చాలా చూశాను. ఈలోగా స్పీకర్ గడియారం వంక చూస్తూ, తాను తయారుచేసుకొచ్చిన దాంట్లో ఏది వదిలేయాలా అని లెక్కలేసుకుంటూ ఉంటారు. పని మానుకుని మన కోసం వచ్చిన మనిషికి అది అన్యాయం. అందుకే పరిచయం నాలుగు వాక్యాలు దాటకూడదని పట్టుబట్టాను. పేరు, చేసే పని, అందులో ఎంతకాలంగా ఉన్నారు, ఇవాళ ఏం చెప్పబోతున్నారు. అంతే. మొదట్లో ఒకరిద్దరు సీనియర్లు నొచ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లే మైకు దగ్గర ఎవరైనా సాగదీస్తే నా వైపు చూస్తారు.

సేవా క్లబ్బుల చరిత్రలో నాకు అందరికన్నా ఇష్టమైన గెస్ట్ స్పీకర్ హెలెన్ కెల్లర్. 1925 జూన్ 30న అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్‌లో లయన్స్ అంతర్జాతీయ మహాసభలో ఆవిడ మాట్లాడారు. 1917లో పుట్టిన లయన్స్‌కి అప్పటికి ఇంకా ఎనిమిదేళ్లే. చూపూ, వినికిడీ రెండూ లేని ఆవిడ ఆ సభ ముందు నిలబడి, చీకటి మీద జరిగే పోరాటంలో అంధుల పక్షాన నిలిచే యోధులు కమ్మని అడిగారు. పదిరకాల కోరికలు పెట్టలేదు. కంటి చూపు అనే ఒక్క విషయం మీదే నిలబడ్డారు. సభ ఒప్పుకుంది.

తర్వాత జరిగిందే నాకు అసలు ముఖ్యం. 1930లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని పియోరియాలో జార్జ్ బోనమ్ అనే లయన్, చూపులేని ఒకాయన రోడ్డు దాటడానికి అవస్థ పడటం చూశారు. ఆయన చేతిలోని నల్ల కర్ర వాహనాలు నడిపేవాళ్లకి సరిగ్గా ఆనడం లేదు. కర్రకి తెల్లరంగు వేసి, ఎర్ర పట్టీ పెడితే అన్న ఆలోచన అక్కడ వచ్చింది. పియోరియా క్లబ్ దాన్ని నెత్తికెత్తుకుంది. తెల్లకర్ర పట్టుకున్న వాళ్లకి రోడ్డు మీద ముందుగా దారివ్వాలని ఆ ఏడాదే నగర పాలక మండలి నిబంధన పెట్టింది. బ్రిటన్‌లో బ్రిస్టల్‌కి చెందిన జేమ్స్ బిగ్స్ 1921లోనే తన కర్రకి తెల్లరంగు వేసుకున్నారు కాబట్టి మొదటి ఆలోచన ఎవరిదన్న వాదన నాకు అక్కర్లేదు. అప్పటికి ఐదేళ్ల కిందట ఒక అతిథి అడిగింది ఒక చిన్న క్లబ్ వార్తల్లోకి ఇలా వచ్చింది, అది చాలు. 1990లో మొదలైన సైట్‌ఫస్ట్ అనే అంధత్వ నివారణ కార్యక్రమం దాకా లయన్స్ చేసిన కంటి పనంతా ఆ ఒక్క ప్రసంగం తర్వాతి వార్తలే అని నాకు అనిపిస్తుంది.

అందుకని స్పీకర్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు నేను ఒకటి తప్పకుండా అడుగుతాను: "మీ మాట విన్నాక మావాళ్లు చేయాల్సిన పని ఒక్కటి చెప్పమంటే ఏం చెబుతారు?" చాలామంది కాసేపు ఆగి ఆలోచిస్తారు. ఆ జవాబు దొరికాక ప్రసంగం దానంతటదే కుదురుకుంటుంది. స్లైడ్లు కూడా సగానికి తగ్గుతాయి.

ఈ మధ్య వచ్చిన వాళ్లలో ఐ బ్యాంకులో కౌన్సెలర్‌గా పనిచేసే ఒకావిడ గురించి రాయాలి. ఎవరైనా పోయిన ఇంటికి ఫోన్ చేసి, కళ్లు దానం చేస్తారా అని అడగడం ఆవిడ ఉద్యోగం. ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆవిడ గొంతు వింటే తెలిసింది. ఎక్కడా గొంతు పెంచలేదు, మమ్మల్ని ఏడిపించాలని చూడలేదు. మాలో చాలామందికి ఉన్న అపోహలు ఒక్కొక్కటే తీసేశారు. కళ్లజోడు ఉన్నా ఇవ్వచ్చు. శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వచ్చు. షుగర్ ఉన్నా, బీపీ ఉన్నా ఇవ్వచ్చు. పెద్ద వయసు అడ్డం కాదు. తీసుకునేది కంటి ముందుండే పారదర్శకమైన పొర, కార్నియా. దానికి పట్టేది పదిహేను, ఇరవై నిమిషాలు. ముఖం పాడవదు. ఇద్దరికి చూపు రావచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్, రక్తమంతా ఇన్ఫెక్షన్ పాకడం లాంటివి ఉంటే మాత్రం తీసుకోరు.

ఆ తర్వాత చెప్పింది నేను బులెటిన్‌లో పెద్ద అక్షరాల్లో వేశాను. మనిషి పోగానే కనురెప్పలు మూసేయాలి. గదిలో ఫ్యాను ఆపేయాలి, ఎందుకంటే గాలికి కార్నియా ఎండిపోతుంది. తల కింద దిండు పెట్టి కొంచెం ఎత్తుగా ఉంచాలి. రెప్పల మీద తడి దూది పెట్టాలి. వెంటనే ఐ బ్యాంకుకి ఫోన్ చేయాలి, ఆరు గంటలలోపు అయితే మంచిది. ఇవేవీ డాక్టరు చేయాల్సినవి కావు, ఇంట్లోవాళ్లు చేయాల్సినవి.

మావాళ్లు అప్పటికప్పుడే అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టి ఫొటో దిగుదామన్నారు. ఆవిడ వద్దన్నారు. "మీరు సంతకం పెట్టారన్న సంగతి ఇంట్లోవాళ్లకి తెలియకపోతే మాకు ఫోన్ రాదండీ" అన్నారు. ఆ రోజు ఫోన్ చేయాల్సిందీ, ఒప్పుకోవాల్సిందీ ఇంట్లోవాళ్లు కదా. కాగితాలు ఇంటికి తీసుకెళ్లి, భార్యతోనో భర్తతోనో పిల్లలతోనో మాట్లాడాక సంతకం పెట్టమన్నారు. మా క్లబ్‌లో ఫొటో లేకుండా ముగిసిన కార్యక్రమం అదొక్కటే అనుకుంటా. తర్వాతి వారాల్లో సభ్యులు ఒక్కొక్కరూ వచ్చి ఇంట్లో ఆ మాట ఎలా ఎత్తారో చెబుతుంటే విన్నాను. ఒకాయన కొడుకు నెలరోజులు ఆ ప్రసక్తే రానివ్వలేదట, చివరికి తనే కాగితం అడిగి తీసుకున్నాడట. పోయిన నెల మా సభ్యుల్లో ఒకరి తల్లిగారు కాలం చేశారు. ఆ రాత్రి ఫ్యాను ఆపింది ఆవిడ మనవరాలు. బులెటిన్ చదివి గుర్తుపెట్టుకుందట. ఆ వార్త రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

రక్తదానం విషయంలో దారి అటు నుంచి ఇటు వచ్చింది. ముందు వార్త, తర్వాత స్పీకర్. మా శిబిరం వార్తల్లో ఎంతమంది రక్తం ఇచ్చారో ఎప్పుడూ రాసేవాళ్లం. వెనక్కి పంపేసిన వాళ్ల సంగతి ఎవరూ రాసేవారు కాదు. ఈసారి ఆ లెక్క కూడా వేయించాను. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు లేక వెనుదిరిగిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ చిన్నవయసు వాళ్లు. అది చూశాక శిబిరం విజయవంతం అని మాత్రమే రాసి ముగించడం నాకు చేతకాలేదు. వెంటనే బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసరు గారిని పిలిచాను. వెనక్కి పంపిన వాళ్లకి ఒక చీటీ మీద వాళ్ల హిమోగ్లోబిన్ ఎంతుందో, ఎవరిని కలవాలో రాసివ్వమని ఆయన అడిగారు. ఇంకో విషయం కూడా చెప్పారు. ఎర్ర రక్తకణాలను చల్లగా ఉంచితే ఆరు వారాల వరకు నిలవ ఉంటాయి, ప్లేట్‌లెట్లు మాత్రం ఐదు రోజులే. క్లబ్బులన్నీ ఒకే వారంలో పెద్దపెద్ద శిబిరాలు పెడితే ఆ వారం పొంగిపోతుంది, తర్వాత మళ్లీ కొరత. రికార్డు కొట్టాలన్న ఆశ మానుకుని, శిబిరాన్ని చిన్నచిన్నవిగా ఏడాది పొడవునా చేయమన్నారు. మా బోర్డులో దీని మీద గట్టి వాదనే జరిగింది. పెద్ద శిబిరానికి వచ్చే పేరు చిన్నవాటికి రాదు మరి. చివరికి చిన్నవాటికే ఒప్పుకున్నారు. నాకు ఆ రోజు నిజంగా గర్వంగా అనిపించింది.

కొన్ని వార్తలు ఏళ్లతరబడి చదవాల్సి వస్తుంది. పోలియో అలాంటిదే. రోటరీ 1985లో పోలియోప్లస్ అనే పోలియో టీకాల కార్యక్రమం మొదలుపెట్టింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సభ పోలియోని నిర్మూలించాలని తీర్మానించేనాటికి ఏటా మూడున్నర లక్షల మంది దాని బారిన పడుతున్నారని అంచనా. అప్పటి నుంచి కేసులు 99 శాతానికి పైగా తగ్గాయి. సహజ పోలియో వైరస్‌లో రెండో రకం పోయిందని 2015లో, మూడో రకం పోయిందని 2019లో ప్రకటించారు. మొదటి రకం మిగిలే ఉంది. పాత ప్రెసిడెంట్ ఒకాయన ఇప్పటికీ దీని మీద తాజా సమాచారం క్రమం తప్పకుండా మీటింగులో చదువుతారు. కొత్తవాళ్లకి విసుగ్గా ఉంటుందేమో తెలియదు. నేనైతే దాన్ని ఎప్పుడూ కత్తిరించలేదు. పని పూర్తయ్యేదాకా ఆ వార్త మా బులెటిన్‌లో ఉండాలి.

హాల్లో ఎవరు కూర్చుంటారన్నదాన్ని బట్టే ఎవర్ని పిలవాలన్న ఆలోచన వస్తుంది. చాలాకాలం ఈ క్లబ్బుల్లో మగవాళ్లే ఉండేవారు. కాలిఫోర్నియాలోని డ్వార్టే రోటరీ క్లబ్ ఆడవాళ్లను చేర్చుకుందని దాని గుర్తింపే తీసేశారు. ఆ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1987 మేలో ఆడవాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది. లయన్స్ కూడా అదే ఏడాది తలుపులు తెరిచారు. ఇవాళ నేను మైకు పట్టుకుని స్పీకర్‌ని పరిచయం చేస్తున్నానంటే దాని వెనక ఎవరో చేసిన పోరాటం ఉంది. అందుకే ఇంకా ఎవరు బయట ఉండిపోయారో చూడటం నా బాధ్యత అనుకుంటాను. వినికిడి లేని ఒక యువకుడిని పిలిచినప్పుడు సంజ్ఞా భాష దుబాసీని ముందే మాట్లాడాం. దుబాసీ ఎక్కడ నిలబడాలో, వెలుతురు ఎటునుంచి పడాలో ఆ అబ్బాయే చూసి చెప్పాడు. ప్రశ్న అడిగేటప్పుడు దుబాసీ వైపు తిరగకుండా తన వైపే చూసి అడగమన్నాడు. మొదటి రెండు ప్రశ్నలకి అందరి తలలూ దుబాసీ వైపే తిరిగాయి. మూడో ప్రశ్నకి సర్దుకున్నాయి. అతను అడిగిన ఒక్క పని: ప్రతి మీటింగులోనూ వార్తలు తెర మీద అక్షరాల్లో కూడా చూపించండి. ఇప్పుడు చూపిస్తున్నాం. చెవి సరిగ్గా వినబడని మా పెద్దసభ్యులు కూడా మొదటిసారి వార్తలు పూర్తిగా తెలుసుకుంటున్నారు.

నేను పిలవని వాళ్లు కూడా ఉన్నారు. ఏదో ఒకటి అమ్ముకోవడానికి వచ్చేవాళ్లని పిలవను. ఎన్నికల కాలంలో పోటీ చేసేవాళ్లని పిలవను. స్ఫూర్తి ప్రసంగాలు మాత్రమే ఇచ్చేవాళ్లని కూడా ఈ మధ్య తగ్గించాను. వాళ్లు మాట్లాడుతుంటే బాగుంటుంది. మర్నాడు బులెటిన్ రాయడానికి కూర్చుంటే చేతికి ఏమీ తగలదు. పైపులైను లీకులు వెతికే మనిషి, పోస్టు పంచే మనిషి, మందుల షాపులో రాత్రి డ్యూటీ చేసే ఫార్మసిస్టు, వీళ్లకి చెప్పడానికి బోలెడంత ఉంటుంది. "మేమేం మాట్లాడతామండీ" అంటారు. పది నిమిషాలు చాలు, మిగతాది మేం అడుగుతాం అని నచ్చజెబుతాను. వాళ్ల మీటింగుల్లోనే ప్రశ్నలు ఆగకుండా వస్తాయి.

వచ్చే మీటింగుకి అంబులెన్సులో పనిచేసే టెక్నీషియన్ ఒకాయన వస్తున్నారు. ఉపన్యాసం ఉండదు, సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నం, నేర్పిస్తారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే ఛాతీ కనీసం ఐదు సెంటీమీటర్లు లోపలికి దిగేలా నొక్కాలి. చదివితే తేలిగ్గానే ఉంటుంది, రెండు నిమిషాలు నొక్కి చూస్తే చేతులు లాగేస్తాయట. అందుకే పక్కనున్న వాళ్లు చేయి మార్చడం కూడా నేర్పిస్తానన్నారు. మా క్లబ్ వాళ్లు ఇది చదువుతుంటే రెండు సూచనలు. కుర్చీలు గోడల వైపు జరిపేస్తాం, నేల మీద మోకాళ్లపై కూర్చోవడానికి వీలైన బట్టలు వేసుకుని రండి. మోకాళ్ల నొప్పులున్న వాళ్ల కోసం నొక్కి నేర్చుకునే బొమ్మల్లో ఒకదాన్ని బల్ల మీద పెట్టిస్తున్నాం, మానేయకండి. ఇంట్లోవాళ్లని కూడా తీసుకురండి, ఈసారి సభ్యులకి మాత్రమే అన్న నియమం లేదు.