సూది దగ్గర మంటైతే గట్టిగా అరవండి

ఎక్స్‌రేలతో ఒంటి లోపలి బొమ్మలు తీసే మా ఆసుపత్రి సీటీ స్కాన్ మిషన్‌లో ముందే రికార్డు చేసిన గొంతులు కొన్ని ఉంటాయి. పేషెంటు టేబుల్ మీద పడుకున్నాక ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో, ఎప్పుడు బిగబట్టాలో ఆ గొంతే చెబుతుంది. నేను స్కాన్లు తీసే పనిలో చేరిన కొత్తలో ఆ గొంతు ఇంగ్లిషులోనో హిందీలోనో మాట్లాడేది. మాకొచ్చేవాళ్లేమో ఖమ్మం చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఇల్లెందు, గార్ల వైపు తండాలవాళ్లు, భద్రాచలం అవతల గూడేలవాళ్లు. పైనుంచి ఎవరో గబగబా ఏదో అనేసరికి సగం మంది ఎవరా అని తల ఎత్తి చూసేవాళ్లు. తల ఎత్తారంటే ఆ స్కాన్ మళ్లీ మొదటికొచ్చినట్టే.

సర్వీస్ ఇంజినీరు వచ్చినప్పుడు అడిగితే మన గొంతు కూడా పెట్టుకోవచ్చని చూపించాడు. ఆరోజు డ్యూటీ అయ్యాక తలుపులు వేసుకుని ఏడెనిమిది సార్లు చెప్పి రికార్డు చేశాను. మొదట "ఊపిరి తీసుకోండి, ఊపిరి ఆపండి, వదలండి" అని పెట్టాను. వారం తిరక్కుండానే ఒక తాత టేబుల్ దిగుతూ నా చెయ్యి పట్టుకుని "ఊపిరి ఆపమంటవేంది బిడ్డా, ఆగేదాకనే గదా ఈ తిప్పలన్నీ" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఊపిరి ఆగిందంటే మన ఇళ్లలో ఏ అర్థమో చిన్నపిల్లలకు కూడా తెలుసు, లోపల ఏముందో అని భయపడుతూ వచ్చిన మనిషితో నేను ఆ మాటే అంటున్నాను. అదే సాయంత్రం మార్చాను. ఇప్పుడు మా మిషన్ "గుండె నిండా ఊపిరి పీల్చుకోండి... అలాగే బిగబట్టండి... ఇక వదిలెయ్యండి" అంటుంది. చెవి సరిగా వినబడని పెద్దవాళ్లకైతే రికార్డు ఆపేసి నేనే మైకులో "దమ్ము పట్టు తాతా, పట్టు, పట్టు, ఇడువు" అంటాను.

సీటీలో పనిచేస్తానంటే బటన్ నొక్కే ఉద్యోగమే కదా అనుకుంటారు. బటన్ నొక్కడానికి ఒక్క క్షణం చాలు. దానికి ముందు పది నిమిషాల్లో మనిషితో ఏం మాట్లాడామన్నదాని మీదే బొమ్మ ఎలా వస్తుందన్నది ఆధారపడి ఉంటుంది, ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసొచ్చింది ఇదే.

ఊపిరి సంగతే తీసుకోండి. మనం గాలి పీల్చి వదిలే ప్రతిసారీ ఊపిరితిత్తులతో పాటు కాలేయం, కిడ్నీలు కూడా పైకీ కిందికీ కదులుతాయి. మా 16 స్లైస్ మిషన్ (ఒక్క చుట్టులో 16 పొరల బొమ్మలు తీసేది) మీద ఛాతీ మొత్తం పది పన్నెండు సెకన్లలో అయిపోతుంది, కానీ ఆ కాసేపట్లో మనిషి మధ్యలో ఊపిరి వదిలేస్తే ఊపిరితిత్తుల అడుగున ఉన్న చిన్న గడ్డ మసకలో కలిసిపోవచ్చు, కాలేయం అంచు రెండుసార్లు కోసినట్టు కనబడొచ్చు. మళ్లీ తీద్దామంటే మళ్లీ రేడియేషన్ ఇచ్చినట్టే. పొట్ట స్కాన్ ఒక్కసారి తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్టులు, ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క అది. భూమ్మీద మామూలుగా బతికే మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందేది సగటున 2.4. అంటే నేను సరిగ్గా చెప్పకపోవడం వల్ల స్కాన్ రెండోసారి తీయాల్సొస్తే ఆ మనిషి ఒంట్లోకి మూడేళ్ల పైచిలుకు రేడియేషన్ అదనంగా పంపినదాన్నవుతాను. అందుకే టేబుల్ ఎక్కించకముందే, స్టూలు మీద కూర్చోబెట్టి రెండుసార్లు ప్రాక్టీసు చేయిస్తాను. క్యూలో వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

1971 అక్టోబర్ 1న లండన్ వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొట్టమొదటిసారి ఒక పేషెంటుకు సీటీ తీశారు. ఆ మిషన్ తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ వచ్చింది, దాని వెనకున్న లెక్కలు ముందే కట్టిన కార్మాక్‌తో కలిపి. ఆ మొదటి మిషన్‌లో తల మాత్రమే తీయగలిగేవాళ్లు, ఒక్కో స్కాన్‌కు నాలుగైదు నిమిషాలు పట్టేది. అంతసేపు కదలకుండా పడుకున్న ఆ మొదటి పేషెంటుతో టేబుల్ దగ్గర ఎవరు మాట్లాడారో, ఏమని ధైర్యం చెప్పారో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా రెండో వేవ్‌లో మాత్రం ఏ మాటా పనిచెయ్యలేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఛాతీ స్కాన్లే, ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే స్కోరు 25కి ఎంత అని అడుగుతూ బయట జనం. పీపీఈ కిట్ లోపల నా గొంతు నాకే వినిపించేది కాదు. లోపల పడుకున్నవాళ్లకు రెండు సెకన్లు కూడా ఊపిరి నిలబడేది కాదు, దగ్గు ముంచుకొచ్చేది. "బిగబట్టండి" అని చెప్పడానికి నోరు రాక, "మెల్లగా, మీకు ఎలా వీలైతే అలా" అని తీసేశాను చాలామందికి. ఆ నెలల గురించి ఇంతకన్నా రాయలేను.

నా టేబుల్ సొరుగులో ఒక పసుపు తాళ్ల ఉండ, డజను పసుపు కొమ్ములు ఎప్పుడూ ఉంటాయి. ఛాతీ, మెడ స్కాన్లకు ఒంటిమీద లోహం ఉండకూడదు, బంగారం నుంచి తెల్లటి గీతలు చీలి చుట్టూ ఉన్నదంతా చెడగొడతాయి. పుస్తెలతాడు తియ్యమంటే పెద్దామెలు ససేమిరా అంటారు, భర్త క్యాజువాలిటీలో ఉన్నామె అయితే ఇక చెప్పక్కర్లేదు. మా ఆయమ్మ ఒకరోజు తన కొంగున ఉన్న పసుపు కొమ్ముకి దారం కట్టి ఒకామె మెడలో వేసి, "ఇప్పుడు తియ్యమ్మా, మెడ బోసి కాలేదుగా" అంది. ఆమె మారుమాట్లాడకుండా తీసి చేతిలో పెట్టింది. అప్పట్నుంచి ఆ సామాను నేనే కొని పెడుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలకు మిషన్ ఆన్ చెయ్యడం కన్నా ముందు ఈ సొరుగు చూపిస్తాను.

అసలు రాద్దామనుకున్నది ఇప్పుడు రాస్తాను.

కాంట్రాస్ట్ స్కాన్ అంటే చేతి నరంలోంచి అయోడిన్ ఉన్న మందు పంపిస్తాం. రక్తనాళాలు, గడ్డలు విడివిడిగా కనబడడానికి అది. మనిషి చేత్తో ఎక్కించేంత నిదానంగా కాదు, ఇంజెక్టర్ మిషన్ సెకనుకు 3 మి.లీ., రక్తనాళాలు చూసే యాంజియో అయితే 4, 5 మి.లీ. చొప్పున తోస్తుంది. మందు వెళ్లగానే ఒళ్లంతా వేడెక్కుతుంది, గొంతులో మొదలై పొట్ట కిందికి దిగుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది. ఇది ముందే చెప్పకపోతే మనిషి హడలిపోయి కదిలిపోతాడు. అందుకని నేను అందరికీ ఒకటే పాట పాడేదాన్ని: "వేడిగా అనిపిస్తుంది, ఏమీ కాదు, భయపడొద్దు, కదలొద్దు."

ఒక మధ్యాహ్నం అరవై దాటిన ఒకామె వచ్చింది. కడుపు నొప్పి, పొట్ట స్కాన్. కూలికి వెళ్లి మిరపకాయలు ఏరే మనిషి, చేతి వేళ్లు ఎర్రగా, గరుగ్గా ఉన్నాయి. నరాలు సన్నగా ఉన్నాయని వార్డులో మణికట్టు దగ్గర గులాబీ రంగు కాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం, పెట్టి పంపారు. సెలైన్ పంపించి చూశాను, బాగానే వెళ్లింది. మందు మొదలయ్యాక నరం మీద వేలు పెట్టి కొన్ని సెకన్లు పక్కనే నిలబడాలి, అది నాకు తెలుసు. బయట యాక్సిడెంట్ కేసు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తోంది, నేను ఆ కొన్ని సెకన్లు నిలబడలేదు. కన్సోల్ దగ్గరికి వచ్చి స్టార్ట్ చేశాను. ఇంజెక్టర్ తెర మీద ప్రెషర్ గీత మామూలుగానే ఉంది. మైకులో అడిగాను, "ఎట్లుంది పెద్దమ్మా?" అని. "మంచిగనే ఉంది బిడ్డా" అంది.

బొమ్మలు వస్తుంటే నాకు చెమటలు పట్టాయి. కాలేయంలో మందు లేదు, కిడ్నీల్లో లేదు, బృహద్ధమని చప్పగా ఉంది. మందు నరంలోకి వెళ్లకపోతే మరెక్కడికి వెళ్లినట్టు? పరిగెత్తాను. మణికట్టు నుంచి మోచేతి దాకా చెయ్యి ఉబ్బిపోయి, చర్మం బిగుసుకుని నిగనిగలాడుతోంది. సగానికి పైగా మందు చర్మం కింద చేరింది. ఆమె కళ్లు మూసుకుని, కింది పెదవి పళ్ల కింద పెట్టుకుని, నేను చెప్పినట్టే కదలకుండా పడుకుని ఉంది.

"పెద్దమ్మా, మంట పుట్టలేదా? చెప్పొద్దా?" అన్నాను.

"నువ్వే చెప్తివి గదా బిడ్డా, వేడిగుంటది, భయపడొద్దని. మిరపకాయలు ఏరేదాన్ని, ఆ మాత్రం మంట ఓర్చుకోలేనా."

కాన్యులా తీసేసి, చెయ్యి పైకెత్తి దిండ్ల మీద పెట్టి, ఐసు ప్యాక్ వేసి, డాక్టర్‌ని పిలిచాను. వేళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఎక్కిందా, నాడి ఆడుతోందా అని సాయంత్రం దాకా గంటగంటకూ వార్డుకి వెళ్లి చూశాను. అదృష్టం బాగుండి రెండు రోజుల్లో వాపు దిగిపోయింది, కిడ్నీ పరీక్ష సరిచూసి రెండో చేతికి పెట్టి స్కాన్ మళ్లీ తీశాం. రిజిస్టర్లో జరిగింది జరిగినట్టు రాశాను. ఆమె కొడుకు ముందు తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అతను ఏమీ అనలేదు, అది ఇంకా కష్టమనిపించింది.

సూది పక్కకు జారడం ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి జరుగుతుంది. నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వనిది అది కాదు. ఆమెకు నొప్పి తెలిసింది, చెప్పడానికి మైకు ఉంది, నేను అడిగాను కూడా, అయినా చెప్పలేదంటే నేను ధైర్యం కోసం చెప్పిన మాటే ఆమె నోరు కట్టేసిందన్నమాట. మన దగ్గర పేషెంట్లు డాక్టరమ్మ చెప్పింది, సిస్టరు చెప్పింది అని ఎంత బాధైనా ఓర్చుకుంటారు, ఎదురు చెబితే ఏమనుకుంటారోనని ఊరుకుంటారు. అలాంటివాళ్లకు "భయపడొద్దు" అంటే "మాట్లాడొద్దు" అని వినబడుతుంది.

ఇప్పుడు మాట మార్చాను. సూది ఉన్న చోటు వేలితో ముట్టుకుని చెబుతాను: "ఒళ్లంతా వేడెక్కితే అది మందు పని, మామూలే. ఇదిగో, ఈ ఒక్కచోటే మంట పుట్టినా, ఉబ్బినట్టున్నా, గొంతు పట్టేసినా, దురద పెట్టినా గట్టిగా అరవండి. స్కాన్ చెడిపోయినా పర్వాలేదు." చెప్పి ఊరుకోను, ఎప్పుడు అరుస్తారో తిరిగి నాకు చెప్పమంటాను. లంబాడా, కోయ మాట్లాడే పెద్దవాళ్లైతే వెంట వచ్చినవాళ్లతో వాళ్ల భాషలో చెప్పించి, అరిచే మాట ఏమిటో నేను నేర్చుకుని లోపలికి వెళ్తాను. బయట ఎవరున్నా సరే, మందు మొదలైన కొన్ని సెకన్లు నా వేలు నరం మీదే ఉంటుంది.

ఆడవాళ్లను నెల తప్పిందా అని అడగడం ఇంకో కష్టం. అత్తగారి ముందు అడిగితే నిజం బయటికి రాదు, పెళ్లికాని అమ్మాయిని అడిగితే వాళ్లమ్మ కొట్టేలా చూస్తుంది. అయినా అడక్కుండా ఎవరినీ టేబుల్ ఎక్కించను. బట్టలు మార్చుకునే గదిలోకి ఒక్కదాన్నే తీసుకెళ్లి అడుగుతాను. ఒకసారి ఒకమ్మాయి తల దించుకుని "నెల తప్పి పది రోజులైంది" అంది. స్కాన్ ఆపి డాక్టర్‌కి ఫోన్ చేశాను.

పక్షవాతం గురించి ఒక్క మాట. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందు అంటూ తిరక్కుండా నేరుగా సీటీ ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతే కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి మామూలుగా నాలుగున్నర గంటలే టైము, అది కూడా తలలో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే. ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి గుర్తుపెట్టుకోండి. మేం అడిగే మొదటి ప్రశ్న అదే, చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఆ పెద్దమ్మ మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్‌కి వచ్చింది. నన్ను చూసి నవ్వింది, నేను ఆమె చెయ్యి తిప్పి చూశాను, మచ్చ కూడా లేదు. బయట బెంచీ మీద ఆమె పక్కన ఒక కొత్త పేషెంటు కాన్యులా చెయ్యి ఒళ్లో పెట్టుకుని వణుకుతూ కూర్చుంది. నేను ఫైలు తెచ్చేలోపు పెద్దమ్మ ఆమెకు చెబుతోంది: "ఒళ్లంత ఉడుకైతది, అది ఏం గాదు. సూది కాడ మండితే మాత్రం ఒర్రు. నా లెక్క ఊకోకు."